మంచు తీసిన ఫోటో

ఆ ఏడు చలికాలంలో మా వైపు వాన పడింది. భూగోళానికి దక్షిణాన ఉన్న మాకు చలికాలం జూన్‌లోనే మొదలవుతుంది. ఆ నెలలో ఒకసారి గట్టిగా, ఆ తర్వాత రెండు తడవలు మెత్తగా. చివరి తడవ పడుతున్నప్పుడు అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యి బయటికి చాపింది. తడిసిన అరచెయ్యి వాసన చూసుకుంది.  మర్నాడు పొద్దున్నే నన్ను లేపి, "అబ్దోన్, పైదారికి కంప వెయ్యరా," అంది.

పైదారికి కంప వెయ్యడమంటే మేకలు అటు పోకుండా ముళ్లకంపతో దారి కట్టెయ్యడం. ఆ దారి చివర ఉన్నదాన్ని మా ఇంట్లో పేరు పెట్టి పిలవం. అమ్మమ్మ పిలిచేది కాదు, అమ్మా పిలవదు. 'పైన' అంటాం, అంతే. "పైన ఎలా ఉంది?" "పైన ఇంకా లేవలేదు." చుట్టుపక్కల మేకలు కాసేవాళ్లందరిదీ ఇదే పద్ధతి. ఎవరి 'పైన' ఎక్కడుందో ఇంకొకరు అడగరు.

పుస్తకాల్లో దాన్ని సింహం పంజా అని రాస్తారు. రాళ్ల సందుల్లో లోతుగా దుంప దాచుకుని, ఎండిపోయిన నేలలో ఏళ్లకేళ్లు కదలకుండా పడి ఉంటుంది. వాన సరిగ్గా పడిన ఏడు నేలమీద తీగలా పాకి, పిడికిలంత ఎర్రటి పూలగుత్తి పెడుతుంది. మా తీరంలో తప్ప ఇంకెక్కడా అది మొలవదంటారు. మేక నోరు పెడితే ఆ ఏటికి విత్తనం లేనట్టే. మనిషి కన్ను పడితే దుంపే ఉండదు. తవ్వుకుపోయి దూరదేశాల తోటలవాళ్లకి అమ్మేవాళ్లు ఉన్నారు. మాకు కొంచెం ఎగువన ఒక కుటుంబానికి అలాగే పోయింది. ఆ తర్వాత వాళ్లు ఆ మాటే ఎత్తలేదు.

సెప్టెంబరులో ఎడారి పూసింది. కింది మైదానాలన్నీ ఊదారంగుకి తిరిగాయి. రాజధాని నుంచి బస్సులు కట్టుకుని జనం రావడం మొదలైంది. ఆ రోజుల్లోనే ఒక శనివారం మా చెల్లెలు నెల్దా నీళ్లలారీ ఎక్కి ఇంటికొచ్చింది. వాయెనార్ పట్నంలో దొన్ గల్వరీనో గారి ఫోటో స్టూడియోలో దాని ఉద్యోగం. వాళ్లూ వీళ్లూ తీసిన కొండల ఫోటోలు, సముద్రం ఫోటోలు ప్రింటుకి పోయేముందు రంగులు దిద్దుతుంది. హోటళ్ల గోడలకి, క్యాలెండర్లకి.

లారీ నడిపే ఒస్మాన్ మా ట్యాంకుకి గొట్టం తగిలిస్తూ దాన్ని ఆటపట్టించాడు.

"నీ పుణ్యమా అని మా ఇంట్లో గొడవలు, నెల్దా. మీ స్టూడియో క్యాలెండరు గోడకి తగిలించాం. అందులో సముద్రం అంత నీలంగా ఉంటే, మా ఆవిడ నన్ను పట్టుకుని, ఆ సముద్రానికి ఎప్పుడు తీసుకెళ్తావంటుంది. ఒసే, అది మన వాకిట్లో ఉన్న సముద్రమేనే అంటే నమ్మదు!"

"ఈసారి నీ ఫోటో ఇవ్వు ఒస్మాన్. నీ రంగు కూడా దిద్దిపెడతా, మీ ఆవిడ నిన్నూ గుర్తుపట్టదు."

"గుర్తుపట్టకపోతే అంతకంటేనా! ఇంటికొచ్చినప్పుడల్లా కొత్త మొగుడు."

అమ్మ నవ్వింది. నెల్దా వచ్చినప్పుడే అలా నవ్వేది.

ఆ సాయంత్రం అమ్మ నిప్పుల మీద రొట్టెలు తిప్పుతుంటే నెల్దా అసలు సంగతి చెప్పింది. పట్నంలో బస్టాండు హాలుకి కొత్తగా సున్నం కొట్టారు. ఒక గోడ నిండా పూసిన ఎడారి బొమ్మ కావాలన్నారు. ఆ పని వాళ్ల స్టూడియోకి వచ్చింది.

"దొన్ గల్వరీనో ఈసారి నన్నే తియ్యమన్నారు, నన్నే దిద్దమన్నారు. గోడ బాగా వస్తే పెద్ద మిషను గది నాదేనట."

"రాకపోతే?" అన్నాను.

"రాకపోతే ఏముందన్నా, గుర్తింపుకార్డుల ఫోటోలు కత్తిరించుకుంటూ కూర్చోవడమే. దానికంటే ఆంతోఫగాస్తా పోవడం నయం. గనుల కంపెనీలకి బోర్డులు కొట్టే పని ఉంది, రమ్మంటున్నారు."

అమ్మ చేతిలో రొట్టె ఒక పక్క మాడింది. నాన్న ఉత్తరాన గనులకి పోయి తిరిగి రాలేదు. ఆ ఊరిపేరు వింటే అమ్మ వేరే పని చూసుకుంటుంది. ఆ సాయంత్రం మాత్రం కదలకుండా కూర్చుంది.

"ఊదాపూలు ఎవరైనా తీస్తారమ్మా. ప్రతి బస్సులోనూ నలభై కెమెరాలు దిగుతున్నాయి. గోడ నిలబడాలంటే ఎవరూ చూడనిది కావాలి," అంది నెల్దా. అడగలేదు. రొట్టె తుంచి చీజు పెట్టుకుంది.

మర్నాడు లారీ ఎక్కబోతుంటే అమ్మ దాని పక్కకి వచ్చి నిలబడింది.

"పైన పూశాక కబురు పెడతా. మంచు దిగిన పొద్దున తీసుకుందువుగాని. పూలు పడాలి. కొండ పడకూడదు."

నెల్దా లారీ తలుపు వదిలేసి అమ్మని పట్టుకుంది.

కొండ సంగతి చెప్పాలి. ఆ పూలవాలు వెనకే మూతపడిన రాగి గని ఉంది. గని నోటి నుంచి కొండ ముఖం మీదుగా చిలుము పచ్చ ధారలా దిగి, మధ్యలో రెండు పాయలవుతుంది. అలాంటి మరక మా వైపు ఇంకే కొండకీ లేదు. ఒకసారి ఆ గనిలో పనిచేసినవాడెవడూ దాన్ని మరిచిపోడు.

*

అక్టోబరు చివర్లో కబురు పెట్టాం. నెల్దా వచ్చిన రెండో పొద్దున సముద్రం మీంచి మంచు ఎక్కి వచ్చింది. ముగ్గురం కంప తప్పించుకుని పైకి వెళ్లాం. అమ్మ ముందు నడిచింది, మట్టి మీద అడుగు వెయ్యకుండా రాయి మీంచి రాయికి. మేమూ అలాగే. చిన్నప్పుడు మా కాళ్లకి అలవాటు చేసింది అదే.

ఎన్నో ఏళ్ల తర్వాత చూశాం. తెల్లటి మంచులో, బూడిదరంగు బండల మధ్య, తడిగా ఆ ఎరుపు. అమ్మ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. గుత్తుల్ని ముట్టుకోలేదు. మా ఇంటికి ఎవరైనా పెద్దవాళ్లు వస్తే గుమ్మం దగ్గర నిలబడినట్టు నిలబడింది.

నెల్దా బోర్లా పడుకుని, మోకాళ్ల మీద కూర్చుని తీసింది. అంతా అయ్యాక కెమెరా వెనకనున్న చిన్న తెరని అమ్మకి చూపించింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

"కొండేదీ?"

"లేదమ్మా. చూడు, అంతా మంచే."

అమ్మ నా చేతికిచ్చింది. నేనూ చూశాను. కింద పూలు, పైన తెలుపు. కొండ లేదు.

"ఊఁ," అంది అమ్మ. దిగేటప్పుడు నెల్దా చెయ్యి పట్టుకుని దిగింది.

*

చీజు అమ్మడానికి నేను వారానికోసారి పట్నం పోతాను. ఆ వారం స్టూడియోకి వెళ్తే పెరట్లో దండెం మీద బట్టలకి బదులు ఫోటో ముక్కలు వేలాడుతున్నాయి. అన్నీ ఒకే పూలగుత్తి. ఒక్కోదానిలో ఒక్కో ఎరుపు. ఒకటి ఇటుకలా, ఒకటి దానిమ్మగింజలా, ఒకటి గులాబీ కలిసి.

"నాలుగు రోజులుగా ఇదే పనన్నా," అంది నెల్దా. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది. స్క్రీనుకి వెనకాల దీపముంది కదా. కాగితానికి ఏముంది? ఎదురుగా ఉన్న వెలుగు తాగి బతకాలి. రా, చూద్దువుగాని."

ముక్కలు తీసుకుని ఇద్దరం బస్టాండుకి వెళ్లాం. బస్టాండులో వేరుశెనక్కాయలు అమ్మే దొన్ సెగుందో మమ్మల్ని చూసి బండి పక్కకి లాక్కుని దారిచ్చాడు. మా నాన్న కాలం మనిషి.

"ఏంటమ్మా నెల్దా, గోడకి చొక్కా కుట్టిస్తున్నావా? రోజూ వచ్చి ముక్కలు ఆనించి చూస్తావు?"

"అవును పెద్దాయనా. కొలత కుదరట్లేదు."

"నా కొలత తీసుకో పోనీ. ఈ గోడకంటే ఎక్కువ కాలంగా ఇక్కడే నిలబడ్డాను."

నెల్దా ఒక ముక్కని గోడకి ఆనించి నన్ను దూరం పొమ్మంది. జనం కూర్చునే బెంచీల దాకా వెళ్లి చూశాను. ఆ ట్యూబులైట్ల కింద పూలు ఎండిన నెత్తురులా ఉన్నాయి. వెనక ఉన్న మంచు మంచులా లేదు. గోడ సరిగ్గా కడగనట్టుంది.

"దుమ్ములా ఉంది," అన్నాను.

"అదే. అక్కడ నిలబడితే చల్లగా మొహానికి తగులుతుంది కాబట్టి మంచు. కాగితం మీద దుమ్మే. బస్సు కోసం చూసేవాడికి చలి ఎలా తెలుస్తుంది?"

తిరిగి స్టూడియోకి వచ్చి స్క్రీన్ ముందు కూర్చుంది. పక్కన స్టూలు మీద నేను. మౌసు మెల్లగా జరుపుతూ బూడిదరంగుని కొంచెం కొంచెంగా లాగేసింది. నీలం తగ్గించింది. నీడల్ని తెరిచింది. ఎరుపు లేచి కూర్చుంది. దాని వెనక తెలుపులోంచి, నీళ్లలో మునిగిన రాయి నీళ్లు తేటపడితే కనబడ్డట్టు, ఏదో ఆకారం వచ్చింది. మా కళ్లు చూడనిదాన్ని కెమెరా చూసి దాచుకుంది.

"ఇదుగో, ఇది దొరికింది నాకు," అంది నెల్దా హుషారుగా. స్క్రీన్ మూల మీద వేలు పెట్టింది. గోరంత పచ్చ. "ఏ రంగు నమ్మాలో తెలియక చచ్చాను ఇన్నాళ్లూ. ఈ పచ్చ నేను కళ్లు మూసుకున్నా చెప్తా. ఇది సరిగ్గా వచ్చేదాకా దిద్దితే చాలు, మిగతా రంగులన్నీ వాటంతటవే దారికొస్తాయి."

పుట్టినప్పటినుంచి చూసిన పచ్చ. దాన్ని నెల్దా కొండ అనుకోలేదు, కొలబద్ద అనుకుంది. వేరే ఊరి పిల్ల అయితే ఆ పచ్చని పట్టించుకునేదే కాదు, తుడిచేసి ఉండేది.

"ఎరుపు చెప్పన్నా. ఎరుపు ఎలా ఉంది?"

"అచ్చం అలాగే ఉంది," అన్నాను. నేను చూస్తున్నది ఎరుపునే. అదీ ఎరుపునే చూస్తోంది.

*

నవంబరు మొదటి ఆదివారం ఫోటో కట్టారు. అమ్మ నల్ల శాలువా కప్పుకుని, కళ్లజోడు చేతిసంచీలో పెట్టుకుని వచ్చింది. హాలు నిండా జనం. గోడ మీంచి గుడ్డ లాగారు. అందరూ ఒక్కసారి ఆగి, అప్పుడు చప్పట్లు కొట్టారు.

ఎరుపు అద్భుతంగా ఉంది. ఆ మాట ఇప్పుడూ అంటాను. ఒక్కో గుత్తి పిల్లవాడి తలకాయంత, తడి ఆరకుండా. దాని వెనక, స్క్రీన్ మీద గోరంత ఉన్నది, గోడ మీద నిలువెత్తు మనిషంత ఉంది. గని నోరు. దాని కింద తవ్విపోసిన గుట్ట. చిలుము ధార, మధ్యలో రెండు పాయలు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

దొన్ సెగుందో బండి వదిలేసి ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒరే, ఇది మా గని రా! ఈ పచ్చ మరక కింద పదేళ్లు గడ్డపార పట్టాను నేను. తీరం రోడ్డు మీంచి పాత ఉప్పుకొట్టం దగ్గర లోపలికి తిరిగితే నేరుగా దాని కాళ్ల దగ్గరికే పోతాం. ఇన్నేళ్లు దాని పక్కనే ఇంత అందం పెట్టుకుని, కూలి గంటలు లెక్కపెట్టుకుని చచ్చాం చూడు!" అమ్మని చూసి ఇంకా సంతోషపడ్డాడు. "దోన్యా ఎదువీనా, మీ మేకల కొండే కదమ్మా ఇది! మీరైనా చెప్పలేదే!"

చుట్టూ ఉన్నవాళ్లు ఆయన మాట విన్నారు. వాళ్లలో ఎవరెవరున్నారో నేను చూడలేదు. నెల్దాని చూస్తున్నాను. దొన్ గల్వరీనో గారు దాని భుజం తడుతున్నారు. అది నవ్వుతూనే ఉంది గానీ, కళ్లు మాత్రం గోడ మీద పైకి, పూల మీంచి కొండ మీదికి పోయి అక్కడే నిలిచిపోయాయి.

"ఎరుపు బాగా కుదిరిందమ్మాయ్," అంది అమ్మ. కళ్లజోడు మడిచి పెట్టెలో పెట్టి, పెట్టెని సంచీలో పెట్టింది. "అబ్దోన్, ఒస్మాన్ లారీ ఎన్నింటికి?"

దారిలో ఒస్మాన్ ఏదో జోకు వెయ్యబోయి, అమ్మ మొహం చూసి రేడియో కూడా కట్టేశాడు.

ఆ సాయంత్రమే నెల్దా ఫోటో దించమని అడిగిందట. "ఊరంతా మెచ్చుకుంటుంటే దించమంటావేంటే?" అన్నారట దొన్ గల్వరీనో. "పెద్ద మిషను గది తాళంచెవి నీకిద్దామని తెచ్చాను."

*

అమ్మా నేనూ కాపలా కాశాం. కంప దగ్గర అమ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది, ఒళ్లో అల్లిక పెట్టుకుని. కార్లు రోడ్డు మీద ఆగేవి. పట్నం మనుషులు దిగి, "ఆ ఎర్రపూలు ఇటేనా అవ్వా?" అనేవాళ్లు. "ఇక్కడ మేకలే ఉన్నాయి నాయనా, చీజు కావాలా?" అనేది అమ్మ. కొందరు కొనుక్కుపోయారు కూడా. నేను మేకల్ని ఇంకో వైపు మేపుతూ గని దారి మీద కన్నేసి ఉంచాను.

ఒక పొద్దున మంచు దట్టంగా దిగింది. మూరెడు దూరంలో ఉన్న మేక కనబడలేదు, గంట మాత్రమే వినబడింది. వాళ్లు ఆ మంచులోనే వచ్చారు, గని వైపు నుంచి. బండి శబ్దం సముద్రం హోరులో కలిసిపోయింది.

మంచు విడిపోయాక పైకి వెళ్లాను. ప్రతి బండ పక్కనా ఒక గొయ్యి. తడిమట్టి బయట కుప్పగా పోసి ఉంది. పూలగుత్తుల్ని మాత్రం కోసి పక్కన పడేశారు, దుంపలకి బరువనేమో. పని తెలిసినవాళ్లే. ఒక్క దుంపా విరగలేదు.

కిందికి వచ్చి అమ్మకి చెప్పాను. ఎన్ని పోయాయని అడగలేదు.

"గోతులు పూడ్చావా?"

"లేదు."

"పూడ్చు. మేకల కాళ్లు విరుగుతాయి."

*

తర్వాతి ఆదివారం నెల్దా వచ్చింది. నీళ్లలారీలో కాదు, కొండ కింద బస్సు దిగి నడిచి వచ్చింది. చంకలో కాగితం చుట్ట ఒకటి ఉంది. మాతే ఆకుల టీ కాచి ఇస్తే తాగలేదు. బల్ల మీద చుట్ట విప్పి, మూలల మీద గిన్నెలు పెట్టింది.

అదే ఫోటో. కొండ మీద మళ్లీ మంచు పెట్టింది.

"గోడ మీద దీన్ని కడతానని దొన్ గల్వరీనోతో పోట్లాడుతున్నానమ్మా. వారం నుంచి ఇదే పని. కానీ..." దాని వేలు మంచు అంచు మీద తిరిగింది. "రావట్లేదు. తియ్యడం వచ్చింది. పెట్టడం రావట్లేదు. ఎంత మెత్తగా కలిపినా అతికించినట్టే ఉంటోంది."

నిజమే. మంచుకి లోతు ఉంటుంది. దగ్గరి బండకీ దూరపు బండకీ మధ్య అది కొంచెం కొంచెంగా చిక్కబడుతుంది. ఇది అన్నిటి మీదా ఒకేలా ఉంది. కిటికీ అద్దానికి సున్నం రాసినట్టు. దాని వెనక ఏదో ఉందని చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

అమ్మ కళ్లజోడు లేకుండానే చూసింది. గిన్నెలు ఒక్కొక్కటే తీసింది. కాగితం దానంతటది చుట్టుకుపోయింది.

"మాతే చల్లారిపోతోంది, తాగు," అంది. లేచి బయటికి వెళ్లింది.

మేమూ వెనకాల వెళ్లాం. అమ్మ పైదారి దగ్గర కంపని పట్టుకుని లాగుతోంది. ముళ్లు గుచ్చుకుంటున్నాయి. నేను సాయం పట్టబోతే మోచేత్తో పక్కకి నెట్టింది. కంప మొత్తం పక్కకి ఈడ్చి, దొడ్డి తలుపు తీసింది. మేకలు బయటికి వచ్చి ఆ దారి ముందు ఆగాయి. వాటికి ఆ ఏడు అటు అలవాటు లేదు. ముసలి మేక ఒకటి మెడ చాచి వాసన చూసి, ముందు కాలు వేసింది. మిగతావన్నీ దాని వెనక పోయాయి, గంటలు మోగించుకుంటూ.

"అమ్మా!" అంది నెల్దా. "బండల సందుల్లో ఇంకా రెండో మూడో మిగిలే ఉంటాయమ్మా. వాళ్లు అన్నీ చూసి ఉండరు."

"ఉంటే మేకలకి దొరుకుతాయి."

"అమ్మా, విత్తనమైనా..."

"పూస్తే మళ్లీ వస్తారు అమ్మాయ్. ఫోటో గోడ మీదే ఉంది కదా."

కోపంగా అనలేదు. పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పింది. నెల్దా అక్కడే, కంప ఉన్న చోట, నేల మీద కూర్చుండిపోయింది. అమ్మ వెళ్లి దాని పక్కన కూర్చుని, తన చేతిలో దిగిన ముళ్లు తియ్యమని అరచెయ్యి చాపింది. నెల్దా ఒక్కొక్కటే తీసింది. పైన గంటలు వినబడుతూనే ఉన్నాయి.

*

నెల్దా ఆంతోఫగాస్తా పోలేదు. పెద్ద మిషను గది దానిదే అయింది. అమ్మ కోరుకున్నదే జరిగింది. పండగలకి వస్తుంది, తెల్లారగానే పోతుంది. కెమెరా తీసుకురాదు. 'పైన ఎలా ఉంది' అని మా ఇంట్లో ఇప్పుడెవరూ అడగరు. పైదారి మామూలు మేకల దారి.

ఫోటో మాత్రం ఆ గోడ మీదే ఉంది. మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఎండ దాని మీద పడుతుంది. సిరాల్లో ముందు పోయేది ఎరుపేనని నెల్దా ఒకప్పుడు చెప్పింది. అలాగే పోయింది. మొదట పూలు ఇటుకరంగుకి తిరిగాయి, తర్వాత మట్టిరంగుకి. ఇప్పుడు బండలకీ వాటికీ తేడా తెలియదు. నీలం, పచ్చ ఎండకి తట్టుకున్నాయి. కొండ అలాగే ఉంది. రెండు పాయల చిలుము ఇంకా స్పష్టంగా.

ఈమధ్య అమ్మని కంటి డాక్టరుకి చూపించి బస్టాండుకి తీసుకొచ్చాను. నెల్దా మందుల సంచీ పట్టుకుని సాగనంపడానికి వచ్చింది. దొన్ సెగుందో బండి చోటులో ఇప్పుడు ఎవరో కుర్రాడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. ముగ్గురం ఆ గోడ ఎదురుగా బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది, ఖాళీ అక్కడే ఉంది.

"దించి మళ్లీ ప్రింటు వేస్తారటమ్మా," అంది నెల్దా, గోడ వైపు చూడకుండా. "ఎరుపు మళ్లీ పెట్టమంటున్నారు నన్ను."

అమ్మ చేతిసంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. చాలాసేపు చూసింది, పూలు ఉన్న చోటునీ, కొండనీ.

"ఏమీ పెట్టకు," అంది. "ఇప్పుడు పైన అచ్చం ఇలాగే ఉంది."

బస్సు వచ్చింది. నెల్దా మందుల సంచీ నాకిచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించింది.